ఎలక్ట్రీషియన్ రాగానే మాయమయ్యే ఫాల్టు

ఇంటి కరెంటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

వానలు మొదలయ్యాక నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. కరెంటు పోతుంది, వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన వచ్చేసరికి అన్నీ బాగానే ఉంటాయి. చేతికందిన స్విచ్చో, ఎంసీబీయో (కరెంటు ఎక్కువైతే తనంతట తనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) మార్చి డబ్బు తీసుకుని వెళ్తాడు. మర్నాడు మళ్లీ మామూలే. ఈ నెలకి అలాంటి ఉత్తరాలే ఏరాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది. ఆ ఇంట్లో ఎలక్ట్రీషియన్ తడబడిన చోటే చాలామంది తడబడతారు, అందుకని.

*మాస్టారూ, మేం ఇల్లు కట్టుకుని నాలుగేళ్లయింది. డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో) ఉన్న ఆర్‌సీసీబీ ఎప్పుడు పడితే అప్పుడు పడిపోతోంది. ఒక్కోసారి రెండు వారాలు ఏ గొడవా ఉండదు, ఒక్కోసారి ఒకే రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ఎలక్ట్రీషియన్ ఒక్కో ఎంసీబీ ఆపుతూ చూశాడు. అన్నీ ఆపేశాక కూడా ఓసారి పడింది. దాంతో ఆర్‌సీసీబీయే పాడైందని కొత్తది వేశాడు. అదీ పడుతోంది. ఇక దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేద్దామంటున్నాడు. చేయించమంటారా?*
– ఒక గృహిణి, భీమవరం

వద్దమ్మా, చేయించకండి. మీ ఇంట్లో తడిచేత్తో గీజరు ముట్టుకునే పిల్లకీ చావుకీ మధ్య అడ్డున్నది ఆ ఒక్క పరికరమే. పైగా అది తన పని సరిగ్గానే చేస్తోంది. ఎలక్ట్రీషియన్ చేసిన పరీక్ష కూడా మంచిదే. ఫలితాన్ని చదవడంలోనే తేడా వచ్చింది.

ఆర్‌సీసీబీ చేసే పని ఒకటే. ఫేజులో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉంటుంది, లేకపోతే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. ఇళ్లకి వేసేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా 15 దాకా ఉంటే పడకూడదు, 30కి చేరితే పడి తీరాలి, మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. తేడా వచ్చిందంటే కొంత కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి పోతోందన్నమాట.

ఇప్పుడు మీ డీబీ చూడండి. ఆర్‌సీసీబీ ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ తెంపుతుంది. దాని తరవాత వరసగా ఉన్న చిన్న ఎంసీబీలు మాత్రం ఫేజుని ఒక్కదాన్నే తెంపుతాయి. న్యూట్రల్ వైర్లన్నీ కలిసి ఒక ఇత్తడి లింక్‌కి బిగించి ఉంటాయి, వాటిని ఆపే స్విచ్ ఏదీ లేదు. అంటే ఎంసీబీలన్నీ కింద పడేసినా, ప్రతి గదిలోని న్యూట్రలూ ఆర్‌సీసీబీకి తగులుకునే ఉంది. అప్పుడు కూడా పడిందంటే ఆ పడటానికి కారణం ఫేజు వైపు లేదు. ఎక్కడో ఒకచోట న్యూట్రల్ వైరు ఎర్త్ వైరునో, తడి గోడనో తాకుతోంది. ఎలక్ట్రీషియన్ పరీక్ష చెప్పింది ఇదే. ఆయన విన్నది మాత్రం "ఆర్‌సీసీబీ పాడైంది" అని.

మరి ఎప్పుడూ తాకుతూనే ఉంటే రెండేసి వారాలు ఎందుకు ఊరుకుంటోంది? న్యూట్రల్ అంటే సున్నా వోల్టులని మనం అనుకుంటాం కానీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి మీ ఇంటిదాకా వచ్చేసరికి దానిమీద ఒకటి రెండు వోల్టులు ఉండటం మామూలే. వీధిలో లోడు మారినకొద్దీ అది మారుతుంది. ఉదాహరణకి న్యూట్రల్‌కీ భూమికీ మధ్య 2 వోల్టులు ఉన్నాయనుకోండి. లీకయ్యే దారి నిరోధం, మీ ఎర్త్ గొయ్యి నిరోధం కలిపి 50 ఓమ్‌లు అనుకోండి. 40 మిల్లీ ఆంపియర్లు పారతాయి, ఆర్‌సీసీబీ పడుతుంది. అదే న్యూట్రల్ మీద అర వోల్టే ఉంటే 10 మిల్లీ ఆంపియర్లే, పడదు. కాబట్టి మీ ఇంట్లో ఏమీ నడవకపోయినా, వీధిలో అందరూ ఏసీలు వేసుకున్న రాత్రి మీ ఆర్‌సీసీబీ పడొచ్చు. వాన పడి గోడ నానితే దారి నిరోధం తగ్గుతుంది, అప్పుడూ పడొచ్చు. రెండూ కలిసిన రాత్రి మిమ్మల్ని మూడుసార్లు లేపుతుంది.

వెతకడం ఎలాగంటే, పనిముట్ల కన్నా ముందు ఒక నోటుబుక్కు కావాలి. డీబీ పక్కన మేకుకి తగిలించండి. పడిన ప్రతిసారీ టైము, వాన ఉందా లేదా, ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, ఎవరు ఏం చేస్తున్నారు, ఇంతే రాయండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాలకొల్లులో ఒకరింట్లో ఇలాగే రాయిస్తే, దాదాపు ప్రతిసారీ తెల్లవారాకనో దీపాలు పెట్టే వేళకో పడుతున్నట్టు తేలింది. ఆ రెండు వేళల్లో ఇంట్లో జరిగే పని ఏమిటని అడిగితే, ముందుగది కర్టెన్లు లాగడం అన్నారు. కర్టెన్ రాడ్డుకి కొట్టిన స్క్రూ ఒకటి గోడలో పైపుని చీల్చుకుని లోపలికి దిగింది. కర్టెన్ లాగినప్పుడల్లా అది కదిలి న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలుపుతోంది. అంతకుముందు ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ ఒకటి, ఎంసీబీలు నాలుగు మారిపోయి ఉన్నాయి.

నోటుబుక్కు నాలుగు వరసలు నిండాక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇలా చేయమనండి. మెయిన్ ఆపాలి. ప్లగ్గుల్లో ఉన్న వస్తువులన్నీ, ఫ్రిజ్ సహా, ఊడదీయాలి. న్యూట్రల్ లింక్ నుంచి వైర్లు ఒక్కొక్కటే విప్పి, ఏది ఏ గదిదో చీటీ అంటించాలి. తరవాత ఒక్కో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పంపి లీకు కొలిచే మీటరు) పెట్టాలి. వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 ప్రకారం కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. బాగున్న వైరింగ్ అయితే అంతకి చాలా రెట్లు చూపిస్తుంది. అందరి దగ్గరా ఉండే మల్టీమీటరు ఈ పనికి చాలదు. దాని చిన్న బ్యాటరీ పంపే రెండు మూడు వోల్టులకి తడి గోడలో లీకు చాలాసార్లు బయటపడదు. మెగ్గర్ పెట్టేముందు ఆర్‌సీసీబీ నుంచి వైర్లు విప్పాలి, ఎల్‌ఈడీ లైట్లూ ఫ్యాన్ల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లూ తప్పించాలి, లేకపోతే అవి పోయే ప్రమాదం ఉంది. మెగ్గర్ లేదంటే ఉన్నవాళ్లని తీసుకురమ్మనండి. అద్దెకీ దొరుకుతుంది.

ఏ న్యూట్రల్ తక్కువ చూపిస్తే ఆ సర్క్యూట్‌ని జంక్షన్ బాక్సుల దగ్గర సగానికి విడదీసి మళ్లీ చూడాలి. ఏ సగం చెడ్డదో దాన్ని మళ్లీ సగం చేయాలి. గోడంతా పగలగొట్టే అవసరం లేకుండా రెండు మూడు బాక్సుల మధ్యకి వచ్చేస్తారు.

చూడకుండా నన్ను పందెం కాయమంటే గేటు స్తంభం మీది లైటుకీ, డాబా మీది ట్యాంకు దగ్గరి పాయింటుకీ కాస్తాను. మీ ఊళ్లో నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది, గేటు లైటుకి వైరు నేలలోంచే పోతుంది. గాజు బుడ్డిలో నీళ్లు నిలిచి, చీమలు పుట్ట పెట్టిన హోల్డర్లు నేను బోలెడు చూశాను. అలాగని "రాత్రి పడుతోంది కాబట్టి గేటు లైటే" అని తేల్చేయకండి. రాత్రి మారేది మీ గేటు లైటు ఒక్కటే కాదు, వీధి లోడు కూడా.

మిల్లులో మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు మా ఫోర్‌మన్‌గారు ఒక పట్టు పట్టేవారు. ఫాల్టుని మన ఇష్టప్రకారం మళ్లీ రప్పించి చూపించేదాకా స్టోర్స్ నుంచి కొత్త సామాను ఇచ్చేవారు కాదు. అప్పట్లో తిట్టుకునేవాళ్లం. ఇళ్ల పనులకి వెళ్లడం మొదలుపెట్టాక నేనూ అదే పట్టు పట్టాను.

*గురువుగారూ, మాది త్రీ ఫేజ్ సర్వీసు. వారం నుంచి సాయంత్రం పూట ఒక గదిలో లైటు మిణుకుమంటుంటే, పక్క గదిలో ఫ్యాను విమానంలా తిరుగుతోంది. ఒక సెట్‌టాప్ బాక్సు, రెండు చార్జర్లు కాలిపోయాయి. పగలు అంతా మామూలే. స్టెబిలైజర్ కొనమంటున్నారు.*
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

బాబూ, ఇది చదివిన వెంటనే మెయిన్ ఆపు. స్టెబిలైజర్ సంగతి తరవాత. ఒక గదిలో వోల్టేజీ తగ్గి అదే సమయంలో ఇంకో గదిలో పెరిగిందంటే న్యూట్రల్ లూజైంది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే నేను వేరే కారణం వెతకను.

ఎందుకో లెక్క చూడు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపూ ఏ ఫేజు మీది వస్తువుకైనా 230 వస్తుంది. న్యూట్రల్ తెగితే ఒక ఫేజు మీది వస్తువూ, ఇంకో ఫేజు మీది వస్తువూ వరసలో పడి ఆ 400ని పంచుకుంటాయి. ఆ పంపకం న్యాయంగా ఉండదు. ఒకవైపు 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకోవైపు 100 వాట్ల పాత బల్బు ఉన్నాయనుకో. ఇస్త్రీపెట్టెకి దక్కేది 36 వోల్టులు, బల్బు మీద పడేది 364. చిన్న వస్తువే కాలుతుంది. నీ చార్జర్లు పోయింది అందుకే. ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఈ ప్రమాదాన్ని పట్టుకోవు. ఒకటి ఎక్కువ కరెంటుని, రెండోది లీకేజీని చూస్తుంది తప్ప ఎక్కువ వోల్టేజీ వాటి పని కాదు.

పగలు మామూలుగా ఉండటానికి కారణం లోడు. పగలు మూడు ఫేజుల మీదా ఇంచుమించు ఒకే పాటి లోడు ఉంటే న్యూట్రల్‌లో పెద్దగా కరెంటు పారదు, లూజ్‌గా ఉన్నా ఎవరికీ తెలియదు. సాయంత్రం ఒక ఫేజు మీద బరువు పడగానే బయటపడుతుంది. జాయింటు వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి ఇంకా వదులవుతుంది. గాలికి సర్వీసు వైరు ఊగినా అంతే.

తెలిసినవాళ్ల చేత మల్టీమీటరుతో చూపించు. మూడు ఫేజుల్నీ ఒక్కొక్కటిగా న్యూట్రల్‌తో కొలిస్తే ఒకటి 270, ఒకటి 180 అలా చూపిస్తూ, లోడు వేసినప్పుడల్లా అంకెలు ఊగుతుంటాయి. అదే సమయంలో ఫేజుకీ ఫేజుకీ మధ్య కొలిస్తే 400 దగ్గరే నిలకడగా ఉంటుంది. ఇక అనుమానం అక్కర్లేదు. ఈ కొలత రెండు మూడు నిమిషాల్లో ముగించి మళ్లీ మెయిన్ ఆపేయాలి.

చూడాల్సిన చోట్లు: స్తంభం మీద సర్వీసు వైరు కలిసే చోటు, మీటరు టెర్మినళ్లు, మీటరు తరవాతి మెయిన్ స్విచ్, డీబీలో న్యూట్రల్ లింక్. సర్వీసు వైరు ఎక్కువగా అల్యూమినియం. స్క్రూ కింద అది నెమ్మదిగా నలిగి వదులవుతుంది, పైన తెల్లటి పొర కడుతుంది. స్తంభం నుంచి మీటరు దాకా విద్యుత్ శాఖ వాళ్లది. మీటరు సీలు నువ్వు ముట్టుకోకూడదు, 1912కి ఫోన్ చేసి "న్యూట్రల్ ఫాల్టు, వస్తువులు కాలిపోతున్నాయి" అని చెప్పు. ఉత్తినే "వోల్టేజీ ప్రాబ్లం" అంటే రేపు చూస్తామంటారు. పక్కింటి వాళ్లకీ ఇలాగే ఉందా అని కూడా అడిగి ఉంచుకో, ఉంటే లోపం లైన్‌లోనో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఉన్నట్టు.

ఇంకో మాట. ఇల్లు పాతదైతే మెయిన్ దగ్గర న్యూట్రల్‌కి కూడా పింగాణీ ఫ్యూజు ఉందేమో చూపించు. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే దాన్ని వద్దన్నారు, అయినా ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. ఉంటే తీయించి నేరుగా లింక్ వేయించు.

*సర్, మా ఫ్లాట్‌లో గీజరు వేసిన పదిహేను నిమిషాలకి దాని ఎంసీబీ ట్రిప్ అవుతోంది. అదీ చలికాలంలోనే ఎక్కువ. వెంటనే ఎత్తితే నిలబడదు, కాసేపాగి ఎత్తితే నిలుస్తుంది. గీజరు 2000 వాట్లు, ఎంసీబీ 16 ఆంపియర్లు. 32 వేస్తే సరిపోతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు.*
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

2000ని 230తో భాగించండి, 8.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది సగం పని. 32 వేస్తే ట్రిప్ అవడం ఆగుతుంది, నిజమే. ఆ తరవాత గోడలో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎంత కాలినా ఎంసీబీ ఊరుకుంటుంది. ఆ మాట అన్న మనిషి చేత పని చేయించకండి.

ట్రిప్ అయ్యే టైమే మీకు జవాబు చెబుతోంది. వేసీ వేయగానే పడితే షార్టు. పదిహేను నిమిషాలాగి పడి, చల్లారితే గానీ నిలబడకపోతే వేడి. ఎంసీబీ లోపల వేడికి వంగే లోహపు బద్ద ఉంటుంది. వైరులో కరెంటు ఎక్కువైనా వంగుతుంది, పక్కన ఉన్న స్క్రూ వదులై కాలుతున్నా వంగుతుంది. ఆ తేడా దానికి తెలీదు. వదులైన ఒక్క జాయింటు దగ్గర అర ఓమ్ నిరోధం ఉన్నా, 8.7 ఆంపియర్లకి అక్కడ పుట్టే వేడి 38 వాట్లు. టంకం వేసే ఇనుము 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది కదా. చలికాలంలో నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి గీజరు ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుంది, ఆ వేడికి టైము దొరుకుతుంది. వేసవిలో అయిదు నిమిషాల్లో థర్మోస్టాట్ తెంపేస్తుంది, ఫాల్టు అలాగే ఉండి కూడా బయటపడదు.

పది నిమిషాలు నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు చూడండి. నల్లబడ్డాయా, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా, చేపల వాసన లాంటిది వస్తోందా? అయితే ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. అక్కడ బాగుంటే మెయిన్ ఆపించి డీబీలో ఆ ఎంసీబీ పైనా కిందా స్క్రూలు చూపించండి. రాగి తీగ కొస నల్లబడి ఉంటే, అంతమేర కోసేసి కొత్త కొస బిగించాలి. ఉన్నదాన్నే ఇంకాస్త తిప్పి బిగిస్తే ఒక నెల వస్తుంది. వేడి తిన్న ఎంసీబీని కూడా మార్చేయండి, అదే 16తోనే. ఇవన్నీ బాగుండి వైరు తెంపకుండా కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌లో కరెంటు 9 ఆంపియర్లు దాటకపోతే, అప్పుడు ఎంసీబీని అనుమానించండి.

*మా హాల్లో ఒక బోర్డు మీద ఫ్యాను, ప్లగ్గు ఒక్కోసారి పనిచేయవు. ప్లగ్గు రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది. "రెండు ఫేజులు వచ్చేశాయి" అన్నాడు చూసినతను. తలుపు గట్టిగా వేస్తే మళ్లీ మామూలవుతుంది.*
– రైతు, సిద్దిపేట

రెండు ఫేజులు రాలేదండీ, వచ్చింది ఒకటే. న్యూట్రల్ మధ్యలో ఊడింది. ఆ బోర్డు మీద ఏదైనా స్విచ్ వేసి ఉంటే, ఫేజు ఆ ఫ్యానులోంచో లైటులోంచో నడిచి న్యూట్రల్ వైరులోకి వస్తుంది. తిరిగి పోవడానికి దారి లేదు కాబట్టి అక్కడే నిలబడి టెస్టర్‌ని వెలిగిస్తుంది. బోర్డు మీది స్విచ్‌లన్నీ ఆపి చూడండి, రెండో కన్నంలో వెలుగు పోతుంది. నియాన్ టెస్టర్ అతి కొద్ది కరెంటుకే వెలుగుతుంది, పక్క వైరు ప్రభావానికి కూడా మిణుకుమంటుంది. ఫేజు ఉందా అని చూడటానికి తప్ప, న్యూట్రల్ బాగుందా అని తెలుసుకోవడానికి అది పనికిరాదు. దానికి హోల్డర్లో 60 వాట్ల పాత బల్బూ, రెండు వైర్లూ ఉంటే చాలు. పనివాడి సంచిలో అది లేదంటే నాకు అనుమానమే.

తలుపు దెబ్బకి బాగవుతోందంటే ఆ గోడలోని బోర్డు వెనకే చూడాలి. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి న్యూట్రల్ లూపు చేసేటప్పుడు రెండు తీగలు మెలేసి టేపు చుట్టి వదిలేస్తారు. ఏళ్లు గడిచాక టేపు జిగురు కారిపోతుంది, మెలి వదులవుతుంది. మెయిన్ ఆపించి, ఆ బోర్డూ దానికి ముందున్న బోర్డూ రెండూ విప్పించి, మెలి తీసేసి కనెక్టర్‌లో బిగించమనండి. అప్పటిదాకా ఆ ఊడిన న్యూట్రల్ తీగ నల్లగా ఉందని ఎవరూ చేత్తో పట్టుకోకూడదు. స్విచ్ వేసి ఉంటే అది ఫేజుతో సమానంగా షాక్ కొడుతుంది.

*స్విచ్ ఆపినా మా ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా సన్నగా వెలుగుతోంది. కొన్నిసార్లు మాత్రమే. ప్రమాదమా?*
– ఉపాధ్యాయిని, కర్నూలు

స్విచ్ మీద చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దానిగుండా పారే కాస్త కరెంటుకే ఇలా వెలుగుతుంది. స్విచ్ వైరు పొడుగ్గా వేరే ఫేజు వైరు పక్కనే నడిచినా అంతే. ఈ రెండిటికీ ప్రమాదం లేదమ్మా, వేరే రకం బల్బు వేస్తే పోవచ్చు. మూడో కారణం ఒకటుంది, అది చూసుకోవాలి. స్విచ్‌కి ఫేజుకి బదులు న్యూట్రల్ ఇచ్చి ఉండొచ్చు. స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్ పిన్నుల మీద టెస్టర్ పెట్టించండి. సన్నగా మిణుకుమంటే మొదటి రెండిట్లో ఏదో ఒకటి. నిండుగా వెలిగితే ఇదే అయి ఉండొచ్చు, బోర్డు విప్పించి చూసి ఫేజుని స్విచ్‌కి మార్పించుకోండి. అది తేలేదాకా ఆ బల్బు మార్చాలంటే మెయిన్ ఆపి మార్చండి.